కంప్యూటరుకు సీనియారిటీ నేర్పిన రోజు

ఆ రోజుల్లో మా వైపు కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవారు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు. చలిజ్వరంతో వచ్చిన మనిషి డాక్టరమ్మ గదిలోకి చెప్పులతోనే నడిచి వెళ్లేవాడు, పక్కనే ఉన్న కంప్యూటరు గది గడప దగ్గర మాత్రం ఆగి, చెప్పులు విప్పి, ఒకసారి లోపలికి తొంగిచూసి వెళ్లిపోయేవాడు. ఆ యంత్రానికి ఒక ప్లాస్టిక్ ముసుగు, ఊళ్లో ఇంకెవరికీ లేని ఒక స్టాండు ఫ్యాను. దానికి ఇంత మర్యాద జరుగుతుంటే దాని ముందు కూర్చున్నవాడికి కూడా కొంత వాటా రావడం సహజం. ఇరవై రెండేళ్ల వయసులో ఆ వాటా అంతా నాకే దక్కింది. అది ఒంటికి పట్టి, అరగక, చివరికి ఎలా బయటపడిందో చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా నాన్న ఇల్లెందు దగ్గర బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను బాయి దిగకూడదని ఆయన పట్టుదల. అందుకని ఖమ్మంలో మిర్చి యార్డు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ కంప్యూటరు కోర్సు ఒకటి పూర్తిచేశాను (ఆ సందులో ఉన్నవాళ్లెవరూ మూడు నిమిషాలకు మించి తుమ్మకుండా మాట్లాడగా నేను చూడలేదు). ఆ తర్వాత దమ్మపేట దాటి, పామాయిలు తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. దాని పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు, మిగతావాళ్లకు అనవసరం. చుట్టుపక్కల గూడేలకూ తండాలకూ జీపులో వెళ్లి రక్తపరీక్షలు చేసి, మలేరియాకూ క్షయకూ మందులిచ్చి రావడం ఆ సంస్థ పని. ఉన్నది ఒకటే కంప్యూటరు. దాన్ని నలుగురు వంతులవారీగా వాడేవారు, ఐదోవాణ్ని నేను. విండోస్ కొనే స్తోమత లేక, ఏదో కంప్యూటరు పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలోంచి లినక్స్ ఎక్కించారు. అందులో ఒక్కొక్కరికీ ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డు, ఒక్కో సొంత ఫోల్డరు. ఆ ఫోల్డరుకు కంప్యూటరు భాషలో ‘హోం’ అని పేరు కాబట్టి మా ఆఫీసులో అందరూ దాన్ని ఇల్లు అనే అనేవారు. ఎవరి ఇంట్లోకి వాళ్లు తప్ప ఇంకొకరు వెళ్లడానికి వీల్లేదు. అన్నిటికీ తాళంచెవులు మాత్రం నా దగ్గర ఉండేవి.

ఆ నలుగురిలో మొదటివారు పెద్దసారు, మా ఇన్‌చార్జి. మధిర వైపు మనిషి, మాటలో కోస్తా మెత్తదనం ఉండేది గానీ మర్యాద విషయంలో గట్టివాడు. తర్వాత డాక్టరమ్మ. ఆ తర్వాత టైపు అక్క. చివర టీ మామ. టీ మామ అటెండరు. తాళాలు తీయడం, టీ పెట్టడం, మధ్యాహ్నం అందరూ తిని కునుకు తీసేటప్పుడు కంప్యూటరులో పేకాట ఆడడం ఆయన విధులు (మూడోది ఆర్డరులో లేదు, ఆయనే శ్రద్ధగా చేర్చుకున్నాడు).

టైపు అక్కది దగ్గరలోని తండా. వాళ్లింట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఫోనులో వాళ్లమ్మతో లంబాడీలో గలగలా మాట్లాడి, ఫోను పెట్టేసి ఇటు తిరిగి నాతో తెలుగులో అంతే వేగంగా తిట్టగలిగేది. రెండేళ్లుగా నలభై చిల్లర ఊళ్లలో ప్రతి ఇంట్లో ఎవరికి ఏ జ్వరం వచ్చింది, ఎన్ని రోజులు మందు వాడారు, మళ్లీ ఎప్పుడు పరీక్ష చెయ్యాలి అన్నదంతా తెలుగులో ఒక పెద్ద పట్టికగా టైపు చేసిపెట్టింది. జీపు ఏ రోజు ఏ ఊరు పోవాలన్నా ఆ పట్టిక చూసే పోయేది. కానీ ఆమె పోస్టు ఏడాదికోసారి పొడిగించేది. ఆ ఏడు పైనుంచి ఒక పోస్టు తగ్గించమని మాట వచ్చింది. శుక్రవారం నాడు హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చి, పట్టిక చూసి, టైపు పోస్టు ఉంచాలో తీసేయాలో తేలుస్తారన్నారు. అక్క కూతురు అప్పుడు ఐదో తరగతి, ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. “పోస్టు వోతే బిడ్డను తీస్కచ్చుడే తమ్మీ. ఇంక వేరే తొవ్వ లేదు,” అని అక్క నాతో ఒకే ఒక్కసారి అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆఫీసులో అందరికీ తెలుసు.

సరిగ్గా ఆ వారమే హార్డ్‌డిస్కు కటకటమని చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటే మెకానిక్కు కానివాడికి కూడా అది ఎక్కువ రోజులు బతకదని అర్థమవుతుంది. పెద్దసారు ఖమ్మం నుంచి కొత్త డిస్కు తెప్పించారు. బస్సు డ్రైవరు దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. గురువారం పొద్దున్నే నేను పని మొదలుపెట్టాను. పని చిన్నదే. కొత్త డిస్కు మీద లినక్స్ మళ్లీ ఎక్కించాలి, ఐదుగురి పేర్లూ మళ్లీ నమోదు చెయ్యాలి, పాత డిస్కులో ఉన్న ఐదు ఇళ్లనూ ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి కొత్త దాంట్లో పెట్టాలి. “మధ్యాహ్నానికల్లా అయిపోతది,” అని నేను అందరికీ వినపడేట్టు ప్రకటించాను. కోతలు కోయడం నాకు అప్పట్లో ఊపిరి పీల్చుకున్నంత తేలిక.

పేర్లు నమోదు చెయ్యబోతుంటే నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. పాత కంప్యూటరులో, తెర వెలగగానే కనిపించే పేర్ల వరుసలో అన్నిటికన్నా పైన టీ మామ ఉండేవాడు. నాకంటే ముందు పనిచేసినవాడు లినక్స్ ఎక్కించిన రోజు, గదిలో ఎవరుంటే వాళ్ల పేరు ఎక్కించుకుంటూ పోయాడట. మొదట టీ తెచ్చిన మామ, తర్వాత టైపు అక్క, తర్వాత డాక్టరమ్మ. పెద్దసారు ఆ రోజు భద్రాచలం వెళ్లి సాయంత్రం వచ్చారు కాబట్టి ఆయన నాలుగో పేరు. ఆ తర్వాత ఎప్పుడో నేను. పెద్దసారు ఈ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు గానీ, రోజూ టీ మామ పేరు దాటుకుని కిందికి దిగి తన పేరు మీద నొక్కేటప్పుడు ఆయన గొంతు సవరించుకునేవారు. హాజరు పుస్తకంలో పేర్లు సీనియారిటీ ప్రకారం ఉంటాయి, జీపులో సీట్లు సీనియారిటీ ప్రకారం, ఆఖరికి టీ గ్లాసులు కూడా ఆ వరుసలోనే అందేవి. ఒక్క కంప్యూటరే మర్యాద తెలియకుండా పెరిగింది. దానికి నేను బుద్ధి చెప్పాను. మొదట పెద్దసారు, తర్వాత డాక్టరమ్మ, ఆ తర్వాత అక్క, మామ, ఆఖరున నేను. తెర మీద పేర్లన్నీ హాజరు పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. చూసుకుని మురిసిపోయాను.

తర్వాత ఇళ్లన్నీ తెచ్చి కొత్త డిస్కులో పెట్టాను. నా పేరుతో లోపలికి వెళ్లి చూశాను. నా ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాది సరిగా ఉందంటే లోకమంతా సరిగా ఉన్నట్టే కదా. పాత డిస్కు ఆ మధ్యాహ్నమే, ఇంకోసారి తిప్పి చూద్దామనుకునేసరికి, టక్ మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. ఇక లేవలేదు. పనంతా అయ్యాకే పోయిందని దాన్ని మెచ్చుకుని, అందరినీ పిలిచాను.

పెద్దసారు వచ్చి తెర చూశారు. తన పేరు మొట్టమొదట ఉండటం చూసి కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు. పాస్‌వర్డు కొట్టారు. తెర నల్లబడింది, మధ్యలో ఏదో గిరగిరా తిరిగింది, మళ్లీ పేర్ల వరుస దగ్గరికే వచ్చి నిలబడింది. మళ్లీ కొట్టారు. మళ్లీ అంతే.

“ఏమయ్యా, ఇదేంటి? లోపలికి రానిచ్చి బయటికి తోసేస్తోందే?”

“కొత్తది గద సార్, ఒకసారి అలవాటు కావాలె,” అన్నాను. ఏం మాటో అది! డాక్టరమ్మ కొట్టారు, బయటికి తోసింది. టీ మామ కొట్టాడు, తోసింది. చివరికి టైపు అక్క కూర్చుని, నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. అదే నలుపు, అదే గిరగిర, అదే గడప.

“ఏందిది తమ్మీ? నా ఇంట్లకు నన్నే పోనిస్తలేదు?”

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. రేపు పొద్దున పదకొండింటికి ఆ ఇద్దరూ వస్తారు. రెండేళ్ల పట్టిక ఆ ఇంట్లో ఉంది. పాత డిస్కు నా చేతిలో చల్లగా పడి ఉంది.

అప్పుడు నేను ఏ కోర్సూ నేర్పని, ప్రతి కుర్రవాడూ తనంతట తానే కనిపెట్టే పని ఒకటి చేశాను. లినక్స్‌లో ఒక కమాండు ఉంది. ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నది అది తేలుస్తుంది. దానికి ఏడు ఏడు ఏడు అని మూడు అంకెలిస్తే ప్రపంచంలో ఉన్న ప్రతివాడూ ప్రతిదీ చెయ్యొచ్చు. ఐదు ఇళ్లకూ, వాటిలో ఉన్న ప్రతి ఫైలుకూ ఆ మూడు ఏడులూ కొట్టాను. అంటే తలుపులు తియ్యడం కాదు, తలుపులు ఊడబీకి పక్కన పడేశాను. వెంటనే అందరూ లోపలికి వెళ్లగలిగారు. కంప్యూటరు మాత్రం, ఇదేం పద్ధతి అన్నట్టు, వచ్చిన ప్రతివాళ్లకూ ఒక హెచ్చరిక చూపించి మరీ పంపింది. నేను దాన్ని చదవకుండా ఓకే నొక్కేశాను. అక్క పట్టిక తెరుచుకుంది. “హమ్మయ్య,” అని అక్క కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. నేను కాలరు సర్దుకున్నాను.

ఆ సంబరం టీ చల్లారేదాకా కూడా లేదు. టీ మామ తన పేకాట కోసం వెతుకుతూ పొరపాటున పక్క ఇంట్లోకి వెళ్లి, ఏదో ఫైలు తెరిచి, “అరె, మా బామ్మర్దికి క్షయ ఉన్నదా? నాకు జెప్పనే లేదు!” అని కేకేశాడు. డాక్టరమ్మ లేచి నిలబడ్డారు. ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గేది. “బాబూ, క్షయ ఉన్న మనిషి పేరు నాకూ, రాసే ఆమెకూ తప్ప ఇంకొకరికి తెలియకూడదు. తెలిస్తే ఆ మనిషి మందులకు రాడు. ఇవన్నీ మూసెయ్. మూశాకే రేపు ఎవరికైనా చూపించేది,” అని చెప్పి జీపెక్కి క్యాంపుకు వెళ్లిపోయారు. ఆమె చెప్పింది న్యాయమే. తలుపులు మళ్లీ పెట్టి మూశాను. మళ్లీ ఎవరూ లోపలికి వెళ్లలేకపోయారు. తెరిచాను, అందరూ అన్నీ చూడగలిగారు. మూశాను, ఎవరికీ ఏమీ లేదు. ఇలా మూడు గంటలపాటు ఆ అడవి అంచున కూర్చుని నేను తలుపులు వేస్తూ తీస్తూ గడిపాను. టీ మామ అప్పుడప్పుడూ వచ్చి, “ఇప్పుడు తెరిచినయా, మూసినయా?” అని అడిగి వెళ్లేవాడు.

తెరిచి ఉన్న ఒక విడతలో పెద్దసారు, “నా ఫైళ్లు పోలేదు కదా? ఒక్కోటీ తెరిచి చూడవయ్యా,” అని చెప్పి భోజనానికి వెళ్లారు. చూశాను. వానాకాలం నివేదిక, జీపు రిపేరు ఉత్తరం, తర్వాత ‘టైపు పోస్టు - అభిప్రాయం’ అని ఒక ఫైలు. తెరిచి, ఉందని చూసి, మూసెయ్యాలి. కానీ చదివాను. “ప్రస్తుతం ఉన్న కంప్యూటరు కుర్రవాడు నిమిషమునకు నలభై పదములు టైపు చేయగలనని స్వయముగా చెప్పియున్నాడు. కావున టైపిస్టు పోస్టు వేరుగా అవసరం లేదని నా అభిప్రాయం.”

ఉద్యోగంలో చేరిన రోజు, ఎవరూ అడక్కుండానే, బల్ల మీద దరువేసి మరీ ఆ నలభై కోత కోసింది నేనే. ఖమ్మంలో టైపు నేర్చుకున్న మాట నిజం, తెలుగులో కూడా నేర్చుకున్నాను. ముప్ఫై ఖాయంగా వచ్చేది. ఆ పైన పది పదాలు బడాయి. అక్క కూతురి హాస్టలు పెట్టె సర్దించేది ఆ బడాయేనని అప్పుడు తెలిసింది. పక్క కుర్చీలో అక్క రేపటికి ఏ ఊరి పట్టిక మొదట చూపిస్తే బాగుంటుందో కాగితం మీద రాసుకుంటోంది.

సాయంత్రం ఐదింటికి చేతులెత్తేశాను. “ఇప్పుడే వస్త అక్కా, అప్పటిదాకా తెరిచే ఉంచుత, నువ్వు చూస్కో,” అని చెప్పి రోడ్డు మీది ఎస్టీడీ బూతుకు వెళ్లి ఇంటికి ఫోను చేశాను. నాన్న అప్పుడే షిఫ్టు దిగి స్నానం చేసి ఉన్నాడు.

“నాయినా, రేపు సాయంత్రం ఇంటికొస్తున్న. పెట్టె గూడ తెస్త.”

“ఏంది, నౌకరి వోయిందా?”

“పోలే. పోతది.” ఉన్నదంతా చెప్పాను. నాన్నకు కంప్యూటరు అంటే టీవీ కింద టైపు మిషను పెట్టినట్టుంటుందని మాత్రమే తెలుసు. అయినా ఓపిగ్గా విన్నాడు. “పేర్లన్నీ సరిగనే ఉన్నయ్ నాయినా. ఎవల ఇంటి మీద వాళ్ల పేరే ఉన్నది. అయినా పోనిస్తలేదు,” అన్నాను.

“పేరెవడు జూస్తడురా?” అన్నాడు నాన్న. “ఇరవయ్యేండ్ల సంది బాయి దిగుతున్న, దిగేముందు నెత్తి లాంపులిచ్చే రూముల ఎవడన్న నా పేరడిగిండా? బిళ్ల మీద నంబరు జూస్తడు, ఆ నంబరు కొక్కేనికున్న లాంపు తీసిస్తడు. మా షిఫ్టుల నా పేరుగల్లోళ్లు ముగ్గురున్నరు, పేరు జూస్తే పని నడుస్తదా? మొన్నామధ్య ఒక కొత్త క్లర్కు ఒచ్చిండు. సీనియార్టీ లెక్కన ఉండాలెనని బిళ్లలన్ని గుంజుకొని మల్ల పంచిండు. లాంపులేమో పాత కొక్కేలకే ఉండె. ఇగ జూడు, నా లాంపు ఒకడు వట్కపోయిండు, నాకు ఇంకొకనిదొచ్చింది. లొల్లి లొల్లి. రెండు గంటలు ఎవలం బాయి దిగలే. నీ మిషను గూడ గసొంటిదే గావొచ్చు. నువ్వేమన్న నంబర్లు మార్చినవా?”

“నేను నంబర్లు ముట్టనే లేదు నాయినా. పేర్లు రాసినప్పుడు వరుస...” అని ఆగిపోయాను. బూతు అద్దంలో నా ముఖం నాకే కనిపించింది. అంత తెలివితక్కువ ముఖం దానికి ముందెప్పుడూ చూడలేదు.

“ఇంటికి రాకు,” అన్నాడు నాన్న. “ముందుగాల్ల పొయ్యి నంబర్లు సూడు.”

చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి గదిలోకి పరిగెత్తాను. ఫైళ్ల జాబితా తీసి చూస్తే ప్రతి వరుసలోనూ మూడో గడిలో యజమాని పేరు ఉంది. పొద్దున్నుంచీ నేను, ఎవరు చూడొచ్చో రాయొచ్చో చెప్పే మొదటి గడి దాటి చూసిన పాపాన పోలేదు. పేరు ఇవ్వగానే కంప్యూటరు ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇస్తుంది. మొదటి పేరుకు ఐదొందలు, రెండోదానికి ఐదొందల ఒకటి, అలా. ఫైలు మీద అది రాసుకునేది ఆ నంబరే. పాత వరుసలో ఐదొందలు టీ మామ. నా సీనియారిటీ ప్రకారం ఐదొందలు పెద్దసారు. అందుకని టీ మామ ఇల్లు పెద్దసారు పేరు మీదికి వచ్చింది, పెద్దసారు ఇల్లు టీ మామ పేరు మీదికి పోయింది. అక్క ఇల్లు డాక్టరమ్మకు, డాక్టరమ్మ ఇల్లు అక్కకు. నేను రెండు వరుసల్లోనూ ఆఖరివాణ్నే కాబట్టి నా ఇల్లు నాకే ఉంది! ఆ ఒక్కటీ చూసుకునే నేను లోకమంతా క్షేమమని చాటింపు వేశాను. యజమానులను మార్చే కమాండు కొట్టడానికి పట్టింది పది నిమిషాలు. తర్వాత తలుపులు పెట్టి, ఎవరి ఇంటికి వాళ్ల తాళం వేసి, నలుగురి పేర్లతోనూ పరీక్షించాను. అక్క తన పేరు నొక్కి లోపలికి వెళ్లింది. కంప్యూటరు ఏ హెచ్చరికా చూపించలేదు.

“అయిందా?” అంది.

“అయింది అక్కా.”

ఆమె సంచీ సర్దుకుని బస్సుకు వెళ్లిపోయింది. అంత పని చేసినందుకు ఒక్క మెచ్చుకోలు మాటైనా అనలేదేమని నాకు కొంచెం కష్టంగానే ఉండింది.

శుక్రవారం పదకొండింటికి ఒక మేడం, ఒక గడ్డం సారు వచ్చారు. అక్క పట్టిక తెరిచి చూపించింది. మేడం ఒక గూడెం పేరు చెప్పారు. అక్క మూడు నొక్కులు నొక్కి, ఆ ఊళ్లో ఎవరింట్లో ముసలాయనకు రెండో విడత మందు బాకీ ఉందో చెప్పింది. గడ్డం సారు ఇంకో ఊరు, ఇంకో పేరు. అదీ చెప్పింది. బాగానే జరుగుతోందని నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు మేడం పెద్దసారు అభిప్రాయం ఉన్న కాగితం తీసి, “ఇకమీదట ఈ పట్టిక పని ఈ అబ్బాయి చేయగలడని రాశారు. తెలుగు టైపు వచ్చా బాబూ?” అని నన్ను అడిగారు.

జీవితంలో నాకు రాదు అనే మాట నోట పలకడం అదే మొదటిసారి. “రాదు మేడం,” అన్నాను.

పెద్దసారు అదిరిపడ్డారు. “అదేంటయ్యా! నలభై అన్నావు కదా?”

“అది ఇంగ్లీషు సార్.”

“ఇంగ్లీషులో నలభై వస్తే తెలుగులో పదన్నా రాదా? ఏదీ, ఒక్క వాక్యం కొట్టు, చూద్దాం.”

కూర్చున్నాను. ‘దోమతెరలు వాడండి’ అన్నది వాక్యం. నా పది వేళ్లూ వాటంతట అవే వాటి చోట్లకు వెళ్లిపోయాయి. వాటిని వెనక్కి లాక్కుని, తొమ్మిదింటిని ముడిచి, ఒక్క చూపుడువేలు మాత్రం చాపి, కీబోర్డు మీద దకారం కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడుందో తెలిసిన దాన్ని వెతకడమంత కష్టం ఇంకోటి లేదు. కళ్లు సూటిగా అక్కడికే పోయేవి. వాటిని తిప్పి, ఊరంతా చూపించి, మళ్లీ తీసుకురావాలి. వెనక అందరూ నిలబడి ఉన్నారు. గడ్డం సారు గడియారం చూసుకున్నారు. టీ మామ జాలిపడి, “పాపం, పిలగానికి చేతులు వణుకుతున్నయ్,” అన్నాడు. ‘దోమతె’ దాకా వచ్చేసరికి మేడం, “చాలు బాబూ, చాలు,” అన్నారు. తలెత్తితే అక్క నన్నే చూస్తోంది. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు. జాలి అనుకున్నాను.

టైపు పోస్టు ఉంచారు. మేడం పోతూ పోతూ అక్కతో, “ఇంత చదివిన కుర్రవాడికి తెలుగు టైపు రాకపోతే ఎలా? మీరే నేర్పండి,” అని ఒక పని అప్పగించి వెళ్లారు. పెద్దసారు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అక్క మాత్రం సోమవారం నుంచే, సాయంత్రం నాలుగు కాగానే స్కేలు పట్టుకుని నా పక్కన కూర్చునేది. మొదటి పాఠం నుంచి. వేళ్లు ఎక్కడ పెట్టాలో, వీపు ఎలా నిలపాలో అన్నీ చెప్పేది. తప్పు కొడితే స్కేలుతో వేళ్ల మీద ఒకటి వేసేది. పోస్టు కాగితం పక్కాగా చేతికి వచ్చేదాకా నేను నేర్చుకోకూడదు, నేర్చుకోనట్టు కూడా కనిపించకూడదు. అందుకని రోజుకిన్ని తప్పులని లెక్క పెట్టుకుని చేసేవాణ్ని. మంగళవారం నేర్చుకున్నది బుధవారం మరిచిపోయేవాణ్ని. మూడు నెలలు అలా సాగింది. పొడిగింపు కాగితం వచ్చిన వారానికి నాకు హఠాత్తుగా టైపు వచ్చేసింది. “మా అక్క నేర్పిందా మజాకా?” అని టీ మామ అందరికీ మిఠాయి పంచాడు.

ఆ రహస్యాన్ని నేను చాలా ఏళ్లు దాచుకున్నాను. ఎవరికీ తెలియకుండా ఒకరికి మేలు చేసిన మనిషినని, అప్పుడప్పుడూ తీసి చూసుకుని మళ్లీ లోపల పెట్టుకునేవాణ్ని. కిందటేడు ఖమ్మం బస్టాండులో అశ్వారావుపేట బస్సు కోసం నిలబడి ఉంటే, ఎవరో వెనకనుంచి “తమ్మీ” అన్నారు. అక్క! జుట్టు సగం నెరిసింది. కూతురు నర్సు కోర్సు చదివి, భద్రాచలంలో దవాఖానాలో పనిచేస్తోందట. టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఇక నోరు ఆగలేదు.

“అక్కా, నీకొక సంగతి చెప్పాలె. నాకు అప్పటికే తెలుగు టైపు వచ్చు.”

“ఎరికే,” అంది అక్క.

“ఎట్ల ఎరిక?”

“నువ్వు మీ నాయినకు ఫోన్ చెయ్యనీకి పోయినప్పుడు అందరి తలుపులు తెరిచిపెట్టి పోయినవు గద. సారు రాసింది సదివిన. ఆనాడు బస్సుల ఏడ్సుకుంటనే పోయిన, నిన్ను గూడ తిట్టుకున్న. తెల్లారి నీ పది ఏళ్లు సక్కగ వాటి జాగల మీదికి పోయినంక గూడ నువ్వు ఒక్క ఏలుతోటి ఎతుకుతుంటే అప్పుడు సమజైంది.”

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. “మరి మూడు నెలలు నాకు నేర్పుడేంది? ఆ స్కేలు దెబ్బలేంది?”

“ఏం జెయ్యమంటవ్? నీకు యాక్టింగు అసలు రాకపాయె,” అంది అక్క. “రోజూ నాలుగు లైన్లు కాంగనే మరిచిపొయ్యి టకటక కొట్టబడితివి. సారేమో గుమ్మంలకొచ్చి నిలబడి సూస్తుండె. ఏళ్ల మీద ఒక్కటెయ్యకపోతే ఇద్దరం దొరికిపోయేటోళ్లం.”

బస్సు వచ్చింది. అక్క ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యి ఊపింది. నేను ఎక్కాల్సిన బస్సు కూడా అదేనని అది కదిలిపోయాక గానీ గుర్తురాలేదు. ఇంకో గంటదాకా బస్సు లేదన్నారు. సిమెంటు బల్ల మీద కూర్చుని, ఆ మూడు నెలలూ రోజూ సాయంత్రం గదికి వెళ్లి, అద్దం ముందు నిలబడి, ‘ఏం నటించావురా’ అని తన భుజం తానే తట్టుకున్న ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ని తలుచుకుని చాలాసేపు నవ్వుకున్నాను.